ఉలక్క చెక్కిన నాలుగో దిక్కు

ఆమెని ఆ వీధిలో అందరూ ఉలక్క అనేవారు. ఉలి పట్టుకున్న అక్క కాబట్టి ఉలక్క. పేరు విని, ఉలకకుండా పలకకుండా ఓ మూల కూర్చునే మనిషి అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. చేతిలో ఉలి, నోట్లో మాట, రెండూ ఒకేసారి ఆడేవి. ఉత్తరం ఇచ్చి చక్కా పోదామని వచ్చిన పోస్టుమాన్ అరగంటకి గాని గుమ్మం దిగేవాడు కాదు.

ఆమె పని చెక్క మీద బొమ్మలూ అక్షరాలూ చెక్కి కాగితం మీద అచ్చు వేయడం. ఇంటి కింది గదే పనిచోటు. వీధివైపు రెండు కిటికీలు. ఎడమ కిటికీ కింద చెక్కుడు బల్ల, కుడి కిటికీ కింద సిరా పరిచే అద్దం పలక, మధ్యలో నల్లటి ఇనప చేతిప్రెస్సు. దాని పిడి లాగినప్పుడల్లా మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లెక్కుతున్నట్టు మూలిగేది. ఈ గోడనుంచి ఆ గోడకి నాలుగు తీగలు కట్టి ఉండేవి. వాటికి బట్టలారేసే క్లిప్పులు, క్లిప్పులకి తడి ఆరని కాగితాలు. పొడుగువాళ్ళు ఆ గదిలోకి వస్తే తల వంచాలి. వంచనివాళ్ళు నుదుటి మీద ఏ సబ్బు పేరో అచ్చేయించుకుని బయటికి వెళ్ళేవాళ్ళు.

ఈ విద్య తండ్రి దగ్గర అబ్బింది. ఆయన అగ్గిపెట్టెలకీ దారపు ఉండలకీ అంటించే బొమ్మల దిమ్మలు చెక్కేవాడు. కూతురు ఏడో తరగతిలో లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పింది. నాలుగోసారి రాయమంటే పుస్తకం మూసేసి వచ్చి ఆయన పక్కన పీట వేసుకుంది. ఆయన కోప్పడలేదు. ఒక పనికిరాని చెక్కముక్క చేతికిచ్చి, "నీ పేరు చెక్కు," అన్నాడు. రెండు రోజులు నాలుక బయటపెట్టి కష్టపడి చెక్కింది. అచ్చు వేస్తే అక్షరాలన్నీ తలకిందులు కాలేదు గాని, వెనకది ముందూ ముందుది వెనకా అయిపోయాయి. తండ్రి కడుపు పట్టుకుని నవ్వాడు. దిమ్మ మీద అన్నీ ఎడంచేతి వాటంగా చెక్కాలని ఆమెకి ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఎంత అలవాటైపోయిందంటే, వీధిలో పోతూ దుకాణం బోర్డులు కూడా కుడినుంచి ఎడమకి చదివేది. అలా చదివి రెండుసార్లు ఒక దుకాణం బదులు ఇంకో దుకాణంలో దూరింది.

పెళ్ళయింది బస్సు డ్రైవరుతో. "మా ఇద్దరి పనీ అద్దంలోనే," అనేవాడాయన. "నేను అద్దంలో చూసి వెనక్కి నడుపుతాను, మా ఆవిడ అద్దంలో చూసి ముందుకి చెక్కుతుంది." ఉద్యోగం విరమించాక ఆయనకి చేతులు ఊరుకోలేదు. చేతిప్రెస్సు పిడి లాగే పని తీసుకున్నాడు. పెద్ద యంత్రాలు వచ్చి అగ్గిపెట్టెల పని ఎప్పుడో ఊడ్చుకుపోయింది. పుస్తకాల అట్టలు, బడిపిల్లల ప్రశంసాపత్రాల అంచులు, ముచ్చటపడి చేయించుకునే పేరు కార్డులు మాత్రం మిగిలాయి. ఇద్దరికీ అది చాలు. కొడుకు ఆసుపత్రి ల్యాబులో షిఫ్టుల ఉద్యోగం చేస్తూ వాళ్ళతోనే ఉండేవాడు.

ఆ కొడుకు చేసుకొచ్చిన పిల్ల లెక్కల మనిషి.

మామూలు లెక్కలు కావు. కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. ఉలక్కకి కోడలంటే ఇష్టమే గాని, మూడుసార్లు లెక్కలు తప్పిన మనిషికి ఆ పిల్లతో ఏం మాట్లాడాలో తోచేది కాదు. వీధి వీధినంతా మాటల్లో పెట్టగల మనిషి కోడలి ముందు "తిన్నావా అమ్మాయ్" దగ్గర ఆగిపోయేది. "తిన్నానండీ అత్తయ్యా" అని ఆ పిల్లా అక్కడే ఆగిపోయేది. ఏడాది పైగా ఆ రెండు ముక్కలతోనే సంసారం నడిచింది. కోడలు పైగదిలోంచి దిగేది, కాలేజీకి వెళ్ళేది, వచ్చేది. పనిగదిలో అడుగు పెట్టలేదు. అడ్డం వస్తానేమోనని ఆమె భయం. పిలిస్తే మొహమాటపడుతుందేమోనని ఈమె భయం.

ఒక ఆదివారం ఊరి గ్రంథాలయం హాల్లో కోడలి ఉపన్యాసం పెట్టారు. "అందరికీ అర్థమయ్యే నాలుగో డైమెన్షన్" అని గేటుకి కాగితం అంటించారు. తొమ్మిదిమంది వచ్చారు. అందులో ముగ్గురు ఇంటివాళ్ళే. కొడుకు రాత్రి షిఫ్టు చేసి తిన్నగా వచ్చాడేమో, రెండో నిమిషానికే గురక అందుకున్నాడు. ఇద్దరు పెద్దమనుషులు హాల్లో ఫ్యానుందని వచ్చినవాళ్ళు. ఉలక్క మాత్రం ముందు వరసలో నిటారుగా కూర్చుని, రెప్ప వేయకుండా చూసింది. తెర మీద కంప్యూటరు బొమ్మ ఒకటి గీతలు గీతలుగా గిర్రున తిరుగుతోంది. తనలోకి తనే ముడుచుకుంటోంది, మళ్ళీ తనలోంచి తనే బయటికి వస్తోంది. పావుగంటకి ఆమెకి కళ్ళు తిరిగాయి. కోడలు "ఏమైనా అడుగుతారా?" అంటే ఒకాయన లేచి, "బయట కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున్న కోడలు పనిగది గుమ్మం దగ్గర నిలబడింది.

"అత్తయ్యా, లోపలికి రావచ్చా?"

"నీ ఇల్లే కదమ్మాయ్. తల మాత్రం వంచి రా."

వచ్చి పీట మీద కూర్చుంది. కాసేపు సిరా డబ్బాల వంక చూసి, "నిజం చెప్పండి. నిన్న మీకేమైనా అర్థమైందా?" అని అడిగింది.

"నిజం చెప్పనా, నీ మనసు నొచ్చుకోకుండా చెప్పనా?"

"నిజమే చెప్పండి."

"నీ గొంతు బావుందమ్మా. తక్కిందంతా నా తల మీంచి పోయింది. ఆ తిరిగే బొమ్మ ఒక్క క్షణం ఆగితే చూద్దామని చూశాను. ఆగితేనా."

కోడలికి ఏడుపు రావాలి, నవ్వొచ్చింది. ఆ నవ్వుతో ఏడాది మొహమాటం సగం కరిగింది. ఉలక్క ఉలి కింద పెట్టి చేతులు తుడుచుకుంది. "కంప్యూటరు లేకుండా చెప్పు. నేను చెక్కముక్కననుకుని చెప్పు," అంది.

కోడలు ఒక చిత్తుకాగితం తీసుకుని పెన్నుతో చుక్క పెట్టింది. "చుక్క ఒక వైపుకి నడిస్తే ఏమవుతుంది?"

"గీతవుతుంది."

"ఆ గీత మొత్తం పక్కకి నడిస్తే?"

"పలక."

"పలక మొత్తం పైకి లేస్తే?"

"దిమ్మ. ఇంతవరకూ నా పనే కదా చెబుతున్నావు."

"ఇప్పుడా దిమ్మ మొత్తం ఇంకో వైపుకి నడవాలండీ. ముందుకీ వెనక్కీ కాదు, పక్కకీ కాదు, పైకీ కాదు. వాటితో సంబంధం లేని నాలుగో దిక్కుకి."

సరిగ్గా అప్పుడే మావగారు టీ గ్లాసులతో లోపలికొచ్చారు. "నాలుగో దిక్కంటే ఉత్తరమా, దక్షిణమా? నలభై ఏళ్ళు బస్సు తోలాను, నాలుగు దిక్కులూ నాకు కొట్టిన పిండి. దానికి అంత చదువెందుకు తల్లీ?"

"మీరు కాస్త ఆగండి," అంది ఉలక్క. "ఆ దిక్కు ఎక్కడుందమ్మాయ్? వేలు పెట్టి చూపించు."

"చూపించలేనండీ. ఈ గదిలో దానికి చోటు లేదు."

"చోటే లేనిదాన్ని పట్టుకుని నాలుగేళ్ళుగా చదువుతున్నావా?"

"దాన్ని చూడలేం గాని, దాని నీడని చూడొచ్చు. డబ్బా నీడ గోడ మీద పడితే ఆ నీడకి మందం ఉండదు కదా. అయినా అది డబ్బా నీడేనని మనకి తెలుస్తుంది. అలాగే..."

ఉలక్క చెయ్యెత్తి ఆపింది. బల్ల మీదున్న దిమ్మని ఒక చేత్తో, తీగకి వేలాడే కాగితాన్ని ఒక చేత్తో పట్టుకుంది. "అంటే అచ్చన్నమాట. దీనికి లోతుంది, దీనికి లేదు. అయినా చూసేవాడికి చెట్టు చెట్టులాగే కనబడుతుంది, పెట్టె పెట్టెలాగే కనబడుతుంది. లోతు లేని కాగితం మీద లోతు చూపించే పనే కదమ్మా మా నాన్నా నేనూ ఇన్నాళ్ళూ చేసింది. మూడో దిక్కుని పట్టినవాళ్ళం, నాలుగోదాన్ని పట్టలేమా?"

కోడలు టీ గ్లాసు పక్కన పెట్టి, పీట ముందుకి జరుపుకుంది.

ఆ రోజునుంచి పని మొదలైంది. అరచేయంత చెక్క తీసుకుని ఉలక్క దాని మీద మామూలు ఘనం గీసింది. ముందొక పలక, వెనకొక పలక, మూలకీ మూలకీ కలుపుతూ నాలుగు గీతలు, మొత్తం పన్నెండు. గీతల్ని వదిలిపెట్టి మిగతా చెక్కంతా చెక్కేయాలి. ఉబ్బెత్తుగా నిలిచిన గీతలకే సిరా అంటుతుంది. సాయంత్రానికి దిమ్మ తయారైంది. దానికి నీలం సిరా పూసి ఒక అచ్చు వేశారు. దిమ్మ తుడిచి, ఎర్ర సిరా పూసి, కాగితాన్ని బెత్తెడు కుడికి జరిపి అదే కాగితం మీద మళ్ళీ వేశారు. నీలం ఘనం నడిచి ఎర్ర ఘనమైందన్నమాట. నడిచిన దారి తెలిసేలా మూలకీ మూలకీ ఉలక్క పెన్సిలుతో గీతలు కలిపింది.

మావగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. "రైలుపెట్టెలా ఉంది," అన్నారు.

నిజంగానే రైలుపెట్టెలా ఉంది. గీత మీద గీత పడి ఏది ఏదో తెలియడం లేదు. ఉలక్క మొహం చిన్నబోయింది. కోడలు మాత్రం కాగితం మీదికి వంగి, తప్పెక్కడుందో పట్టేసింది.

"మీరు కుడికి జరిపారు కదా అత్తయ్యా. ఘనంలో కుడివైపు గీతలు ముందే ఉన్నాయి. పాత దిక్కులోనే నడిపితే పొడుగు పెరుగుతుందంతే. కొత్త దిక్కు కావాలంటే పాత మూడిటిలో ఏ గీత వాలుకీ కలవకూడదు."

"ముందే చెప్పొచ్చుగా."

"నాకూ ఇప్పుడే తెలిసిందండీ."

ఈసారి ఏటవాలుగా, కిందికీ పక్కకీ కాకుండా జరిపారు. పెన్సిలు గీతల బదులు, మూలల్ని కలిపే ఎనిమిది గీతలకి ఉలక్క వేరే దిమ్మ చెక్కింది. అది నల్ల సిరాకి. ఇక్కడే ప్రాణం తీసింది. మూడు అచ్చులూ ఒకదాని మీద ఒకటి గోరంత తేడా లేకుండా పడాలి. ఎర్రమూల దగ్గర మొదలైన నల్లగీత నీలంమూల దగ్గరే ఆగాలి, దాటకూడదు, తగ్గకూడదు. గురి కోసం కాగితం మూలలకి రెండు మేకులు కొట్టారు. చాల్లేదు, మూడోది కొట్టారు. వాన పట్టి గాలిలో చెమ్మ చేరితే కాగితం సాగింది. ఎండ కాస్తే బిగిసింది. మూడు రోజులపాటు మావగారు పిడి లాగి లాగి, "బస్సు స్టీరింగే నయం, మలుపు తిప్పితే తిరిగేది," అన్నారు. నాలుగోరోజు పొద్దున్న పదకొండింటికి ఒక కాగితం సరిగ్గా పడింది.

కోడలు పెన్సిలు మొనతో లెక్కపెట్టింది. మూలలు పదహారు. గీతలు ముప్ఫై రెండు ఉండాలి. ముప్ఫై ఒకటి ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటే.

"ఒక్కో మూల దగ్గర నాలుగు గీతలు కలవాలండీ, ఒక్కో దిక్కుకి ఒకటి చొప్పున. ఇదిగో, ఈ మూల దగ్గర మూడే ఉన్నాయి."

ఉలక్క నల్లదిమ్మ చేతిలోకి తీసుకుని చూసి నాలుక కరుచుకుంది. మాటల్లో పడి ఒక గీతని మిగతా చెక్కతోపాటు చెక్కేసింది. చెక్కేసినది తిరిగి రాదు. అయితే దానికీ వైద్యం ఉంది. ఆ చోట చిన్న పలక గాటు తీసి, అదే చెక్కలోంచి కోసిన ముక్కని బంకతో బిగించి, ఆరాక మళ్ళీ గీత చెక్కింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె నోరు మెదపలేదు. మావగారు భయపడి, ఒంట్లో బాగుందా అని అడిగారు.

కొత్త అచ్చు ఆరాక కోడలు మెల్లిగా అసలు సంగతి చెప్పింది. ఈ బొమ్మలో ఎనిమిది ఘనాలున్నాయట. నీలం ఒకటి, ఎరుపు ఒకటి తెలిసినవే. నీలం ఘనానికి ఆరు పక్కలు కదా. నడిచేటప్పుడు ఒక్కో పక్క ఒక్కో ఘనాన్ని గీసుకుంటూ పోతుంది. అవి తక్కిన ఆరు.

"చూపించకు," అంది ఉలక్క. "నేనే వెతుక్కుంటాను."

ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది, కిటికీ దగ్గరికి వెళ్ళింది, మేడ మెట్ల మీద కూర్చుంది. మధ్యాహ్నానికి నాలుగు దొరికాయి. కాస్త నలిగిన పెట్టెల్లా, ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. కాని పెట్టెలే. ఐదోది అన్నం తింటూ కనిపెట్టింది. చివరిది మొండికేసింది. చూసినదే మళ్ళీ మళ్ళీ కనబడుతోంది. నాలుగింటికి పనిగదిలో కాగితం తలకిందులు చేసి పట్టుకుని చూస్తుంటే, ఒక్కసారి పైనున్న గీతలన్నీ వెనక్కి జరిగి, కింద దాక్కున్న పెట్టె ముందుకొచ్చి నిలబడింది. అంతవరకూ బొమ్మ వట్టి గీతలు. ఆ తర్వాత ఎటు చూసినా పెట్టెలే, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని, ఒకదాని గోడ ఇంకోదానికి గోడై.

"దొరికిందమ్మాయ్," అంది. అప్రయత్నంగా కోడలి భుజం పట్టుకుంది. ఆ తెల్ల జాకెట్టు మీద ఐదు నల్లటి వేళ్ళు అచ్చుపడ్డాయి. ఎంత ఉతికినా అవి పోలేదు. కోడలు వాటిని పోగొట్టాలని పెద్దగా ప్రయత్నించినట్టూ లేదు.

ఆ తర్వాత అత్తాకోడళ్ళ మాటలకి అంతు లేకుండా పోయింది. కొడుకు షిఫ్టునుంచి వచ్చి అన్నం అడిగితే, "ఆగరా, మూలలు కలుపుతున్నాం" అనేవాళ్ళు. అతను తనే వడ్డించుకుని తినడం నేర్చుకున్నాడు.

ఒకరోజు ఉలక్క కొత్త చెక్కని చిత్రిక పడుతోంది. చిత్రిక తోసినకొద్దీ చెక్కలో ఒక చిన్న కన్ను బయటపడింది. ఇంకా తోస్తే అది పెరిగింది, కాస్త పక్కకి జరిగింది, మళ్ళీ చిన్నదైంది. ఇలాంటివి వేలసార్లు చూసింది. ఈసారి చిత్రిక ఆపి కోడల్ని పిలిచింది.

"ఇది చూడు. చెట్టుగా ఉన్నప్పుడు ఇక్కడొక కొమ్మ ఉండేది. చెక్కలో నాకు కొమ్మ కనబడదు, గుండ్రటి మచ్చే కనబడుతుంది. ఒక్కో పొరా తీస్తుంటే మచ్చ పుడుతుంది, పెరుగుతుంది, జరుగుతుంది, పోతుంది. ఆ మచ్చలన్నీ వరసగా గుర్తుపెట్టుకుంటే కొమ్మ ఎటు వాలిందో చెప్పగలను. నీ నాలుగు దిక్కుల పెట్టెని కూడా ఇలా పొరలు పొరలుగా కోయొచ్చా?"

కోడలు మేడ మీదికి పరిగెత్తి నోటుబుక్కు తెచ్చుకుంది. ఆరు నెలలుగా విద్యార్థులకి ఎలా చెప్పాలో తెలియక కొట్టుకుంటున్న పాఠం అదేనట. ఇద్దరూ కూర్చుని తొమ్మిది కాగితాల వరస తయారుచేశారు. నాలుగు దిక్కుల పెట్టె ఒక మూలని ముందుకి పెట్టుకుని మన గదిలోంచి దాటి వెళ్తుంటే మనకి కనబడేవి ఆ తొమ్మిది. మొదట చుక్క. తర్వాత మూడు వైపులా కోసుగా ఉండే చిన్న గోపురం లాంటిది. అది పెరుగుతుంది, కోసులు తెగుతాయి, సరిగ్గా మధ్యలో ఎనిమిది ముఖాలున్న వజ్రంలా మారుతుంది. ఆ తర్వాత తిరగబడిన గోపురమై, తరిగి తరిగి చుక్కయి మాయమవుతుంది. కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి బొటనవేలితో గబగబా తిప్పితే ఏదో ప్రాణమున్నది వచ్చి, ఒళ్ళు విరుచుకుని, వెళ్ళిపోయినట్టు ఉండేది. మావగారు దాన్ని రోజుకి ఇరవైసార్లు తిప్పేవారు. "బస్సొచ్చింది, ఆగింది, పోయింది," అనేవారు.

ఆ ఏడాది కాలేజీలో ఒకరోజు గేట్లు తెరిచి ఊళ్ళోవాళ్ళందర్నీ రమ్మన్నారు. ఒక్కో శాఖ తన పని చూపించాలి. రసాయనశాస్త్రం వాళ్ళకి పెద్ద హాలు దొరికింది. కోడలు తన శాఖ పెద్ద ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళి, చెక్కతో అచ్చులు వేసి చూపిస్తామంది. ఆయన కళ్ళజోడు మీంచి చూశారు.

"గణితశాఖలో సిరా మరకలా?"

"మరకలు పడకుండా చూసుకుంటామండీ."

"సైకిల్ స్టాండ్ పక్క వరండాలో పెట్టుకోండి."

వరండాలో రెండు బల్లలు వేశారు. ఇనపప్రెస్సు కదలదు కాబట్టి, కాగితం వీపు మీద గుండ్రటి బిళ్ళతో రుద్ది అచ్చు వేసే పాత పద్ధతి ఎంచుకుంది ఉలక్క. ఉపన్యాసం లేదు. వచ్చినవాళ్ళకి దిమ్మా సిరా ఇచ్చి, "మీరే వేయండి," అంది. నీలం ఘనం ఒకటి, ఏటవాలుగా జరిపి ఎర్ర ఘనం ఒకటి, తర్వాత స్కేలు పెట్టి ఎనిమిది గీతలు. గీతలు కలిపేసరికి వాళ్ళ చేతిలోనే నాలుగు దిక్కుల పెట్టె. ఎనిమిది ఘనాలు వెతకమంటే జనం కాగితాలు పట్టుకుని సైకిళ్ళ మీద, మెట్ల మీద, గడ్డిలో కూర్చుండిపోయారు. ఒక నర్సు ఎనిమిదీ పావుగంటలో చెప్పేసింది. ఒక బ్యాంకు మేనేజరు ఏడింటి దగ్గర ఆగిపోయి, ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకున్నాడు. వరస సైకిల్ స్టాండ్ దాటి గేటు దాకా పోయింది. రసాయనశాస్త్రం హాల్లో రంగురంగుల పొగలు వస్తున్నా చూసేవాళ్ళు తగ్గారు.

ఆ గోల విని పెద్ద ప్రొఫెసరు వరండాలోకి వచ్చారు. కాసేపు చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. "ముచ్చటగానే ఉంది. కాని అమ్మా, ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని ఎప్పుడూ ఒకటే అడుగుతారు. ఈ నాలుగో డైమెన్షన్ వల్ల ఉపయోగం ఏమిటని. మీరేం చెబుతారు?"

ఉలక్క దిమ్మ తుడుస్తూనే చెప్పింది. "పల్చటి కాగితం మీద అక్షరం ఎడమవైపుకి తిరిగి ఉందనుకోండి. కాగితం మీదే జరుపుతూ వెయ్యేళ్ళు తిప్పినా అది కుడివైపుకి తిరగదు. కాగితాన్ని పైకెత్తి బోర్లా వేస్తే ఒక్క క్షణంలో తిరుగుతుంది. అంటే పైన ఇంకో దిక్కు ఉండబట్టి తిరిగింది. అలాగే మనకి ఇంకో దిక్కు ఉంటే, ఎడమకాలి చెప్పుని అటు ఎత్తి బోర్లా వేస్తే కుడికాలి చెప్పయిపోతుందట. మా కోడలు చెప్పింది. మా ఆయన ప్రయాణానికొకసారి కుడిచెప్పు పోగొట్టుకుంటారు. ఇంట్లో ఎడమవి ఆరున్నాయి. నాకున్నంత అవసరం ఇంకెవరికుందండీ?"

వరసలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. మావగారు తన కాళ్ళ వంక చూసుకున్నారు. పెద్ద ప్రొఫెసరుకి నవ్వు ఆగలేదు. నవ్వు తగ్గాక మాత్రం ఓడిపోవడం ఇష్టం లేక ఇంకో ప్రశ్న వేశారు. "నాలుగు సరే. మేం ఐదు, ఆరు డైమెన్షన్లలో కూడా పని చేస్తాం. మీ చెక్కలో అవి పడతాయా?"

కోడలు కంగారుగా అత్త వంక చూసింది. దీనికి ఇద్దరూ సిద్ధపడి రాలేదు. ఉలక్క ఒక్క క్షణం ఆలోచించి సంచిలోంచి పెద్ద దిమ్మ తీసింది. ముప్ఫై రెండు గీతలూ ఒకే చెక్క మీద చెక్కినది. పెద్ద కాగితం పరిచి ఆకుపచ్చ సిరాతో ఒకసారి వేసింది. ఇంతవరకూ వాడని వాలు ఒకటి చూసుకుని, కాగితాన్ని అటు జరిపి, పసుపు సిరాతో ఇంకోసారి వేసింది.

"నాలుగు దిక్కుల పెట్టె నడిచి వెళ్ళింది కదండీ. మూలకీ మూలకీ గీతలు మీరు కలపండి, పదహారు. ఐదోది వస్తుంది."

ఆయన స్కేలు అందుకున్నారు. కోటు చేతులు మడవడం మర్చిపోయారు. పదహారో గీత కలిపేసరికి చొక్కా కఫు ఆకుపచ్చైంది, కోటు అంచు పసుపైంది. మూలలు ముప్ఫై రెండు, గీతలు ఎనభై. తనే పైకి లెక్కపెట్టారు. సరిపోయింది. వరసలో ఎవరో ఆరోది కావాలన్నారు, అదీ వేసింది. ఏడోదానికి మాత్రం చేతులెత్తేసింది. "ఇంకేం కనబడదు బాబూ. ఏడో దిక్కులో అంతా సిరాయే."

ఆ వారమే గణితశాఖ నోటీసు బోర్డు మీద ఒక కాగితం పడింది. ప్రతి శనివారం మధ్యాహ్నం అచ్చుబల్ల దగ్గర క్లాసు. పాఠం చెప్పేది కోడలు, చేయించేది ఉలక్క. మొదటిరోజు ఉలక్క సిరా డబ్బాల సంచితో కాలేజీ మెట్లెక్కింది. లెక్కల గది గుమ్మం దగ్గర ఆగిపోయి, "నన్ను మూడుసార్లు తప్పించారే అమ్మాయ్," అంది మెల్లిగా.

"మిమ్మల్ని కాదండీ, వాళ్ళ పద్ధతి తప్పింది," అంది కోడలు. సిరా డబ్బాల సంచి తన చేతికి మార్చుకుని, తలుపు తోసింది.

రెండేళ్ళకి కోడలి పరిశోధనా గ్రంథం పూర్తయింది. అందులో ముప్ఫై ఆరు అచ్చు బొమ్మలు. పరీక్షించడానికి దూరంనుంచి వచ్చిన నిపుణురాలు సమీకరణాల గురించి గంటసేపు అడిగింది. చివర్లో ఒక బొమ్మ దగ్గర ఆగి, దీన్ని ఏ సాఫ్ట్‌వేరుతో గీశారని అడిగింది. "మా అత్తయ్యతో" అని కోడలు నోరు జారింది. గదంతా నవ్వారు. బయట బెంచీ మీద కూర్చున్న ఉలక్కని లోపలికి పిలిచి ఆ నిపుణురాలు చేయి కలిపింది. ఉలక్క గోళ్ళ సందుల్లో సిరా చూసి, ఆ చేయి కాసేపు వదలలేదు.

ఇంటికొచ్చాక ఇక పని తగ్గుతుందని మావగారు ఆశపడ్డారు. ఆ మర్నాడు కోడలు కొత్త బొమ్మ ఒకటి పట్టుకుని పనిగదిలోకి వచ్చింది. నాలుగు దిక్కుల్లో ఇంకో ఆకారం ఉందట. ఐదు మూలల పలకలు పన్నెండేసి అతికిన బంతుల్లాంటివి నూట ఇరవై ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయట. మూలలు ఆరువందలు, గీతలు పన్నెండు వందలు.

"పన్నెండు వందలా?" ఉలక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒక్క గీత తప్పి చెక్కేసినా మొత్తం పోతుంది కదమ్మాయ్."

"సరైన వైపునుంచి చూస్తే చాలా గీతలు ఒకదాని వెనక ఒకటి పడిపోతాయండీ. చెక్కాల్సినవి తగ్గుతాయి."

"ఎన్ని తగ్గుతాయి?"

"లెక్కపెట్టి చెబుతాను."

"నువ్వు లెక్కపెట్టు. నేనీలోగా చెక్క చిత్రిక పట్టుకుంటాను. మీరెక్కడికండీ, ఆ పలక అటు చివర పట్టుకోండి."

మావగారు నిట్టూర్చి పలక పట్టుకున్నారు. మూరెడు వెడల్పున్న కొత్త చెక్క, కన్నూ ముడీ లేనిది. ఉలక్క దాని మీద అరచేత్తో అటూ ఇటూ రాసి చూసి, చిత్రిక అందుకుంది.